ఏడో గడి

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ డైరీ సిమెంటు డీలరు ఇచ్చింది. కొత్త సంవత్సరం వచ్చి నలభై రోజులు దాటాక ఇచ్చాడు, అదీ నేను నాలుగుసార్లు అడిగితే. గడిచిపోయిన తేదీల పేజీలన్నిటికీ అడ్డంగా గీత కొట్టి పొట్టి సంతకం పెట్టాను. సునాబెడ ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్ఫై నాలుగేళ్లు చేసినవాడిని, ఖాళీ పేజీ వదలడం నా చేత కాదు.

రిటైరయ్యాక ఒడిశాలోనే ఈ టికిరి పనికి వచ్చి ఆరు నెలలైంది. ఆడపిల్లల హాస్టల్ బిల్డింగు, రెండంతస్తులు. నేను స్టోర్‌కీపర్ని. వారమంతా ఇక్కడ అద్దె గది, శనివారం రైలెక్కి రాయగడలో నా భార్య సుమతి దగ్గరికి. మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి రాసుకుంటున్నాను.

సిమెంటు, ఇనుముతో పాటు ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా నా చేతిలోనే ఉంది. నేను వచ్చేనాటికి దాని అవతారం చెప్పుకుంటే సిగ్గుచేటు. దూది ఎలుక కొట్టేసింది, కత్తెర లేదు, ఆయింట్‌మెంటు డబ్బాలో ఎవరో బొత్తాం దాచుకున్నారు. ఇప్పుడు జాబితా ప్రకారం నలభై మూడు వస్తువులూ ఉన్నాయి. గడువు దగ్గరపడినవి ముందు వరసలో, దూరంగా ఉన్నవి వెనక. రేకుల షెడ్డు వేడికి అంటుపట్టీల జిగురు ఎండిపోతుందని పెట్టె కిటికీ దగ్గర నుంచి తీసి నా బల్ల కింద పెట్టించాను. తాళం వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో పిన్నీసుకి ఉంటుంది.

గేటు దగ్గర బోర్డు మీద 'ప్రమాదం లేని రోజులు' అంకె రోజూ ఉదయం నేనే సుద్దముక్కతో మారుస్తాను. ఈరోజు 128.

ఫిబ్రవరి 12, బుధవారం

సొంబారి అనే కూలీ మనిషికి బైండింగు వైరు గీసుకుని ఎడమ బొటనవేలు కోసుకుపోయింది. ఇక్కడి దేశియా గిరిజన మనిషి, లక్ష్మీపూర్ వైపు కొండ కింద ఊరు. శ్రీకాకుళం మేస్త్రీల దగ్గర మూడేళ్లుగా సిమెంటు మాలు మోస్తోంది కాబట్టి తెలుగు బాగానే వస్తుంది, అదీ వాళ్ల తెలుగే.

పద్ధతి ప్రకారం చేశాను. ముందు రిజిస్టరు. ఏడు గడులు. తేదీ, పేరు, ఎక్కడ, ఎలా, ఏ దెబ్బ, ఏ వస్తువు వాడారు, ప్రథమ చికిత్స ఎంత సమయంలో ఇచ్చారు. ఏడో గడిలో నేనెప్పుడూ 'వెంటనే' అని రాస్తాను. ఇంతకు ముందు రాసినవాళ్లూ అదే రాశారు. ఆ గడిలో ఇంకేం రాస్తారు.

వేలిముద్ర దగ్గర చిక్కు వచ్చింది. వేలిముద్ర ఎడమ బొటనవేలిదే ఉండాలి, దెబ్బా దానికే తగిలింది. సిరాలో ముంచితే చిన్నగా అరిచింది. నియమం నేను పెట్టింది కాదు కదా. ముద్ర అయ్యాక కడిగి, గాజుగుడ్డ పెట్టి, పట్టీ వేశాను. నీట్‌గా వేశాను.

"చూసుకుని పని చెయ్యి అమ్మీ. ఇదేమన్నా ధర్మాసుపత్రా," అన్నాను.

ఆమె నల్లబడ్డ వేలు చూసుకుంటూ వెళ్లింది. చిన్న దెబ్బ కాబట్టి బోర్డు మీద అంకె మార్చక్కర్లేదని ఇంజనీరు బాలాదిత్య ఇదివరకే చెప్పాడు. 130.

ఫిబ్రవరి 15, శనివారం. రాయగడ

పెట్టె సంగతి సుమతికి చెప్పాను. ఈ నెలలో ఎంతమంది వచ్చారని అడిగింది. ఒక్కరే అన్నాను.

"యాభైమంది ఇనుంతోటీ ఇటికలతోటీ పని చేత్తారు. నెలకి ఒక్కరికే దెబ్బ తగుల్తాదేటండీ? వంటింట్లో ఒక్కదాన్ని, నాకే వారానికి రెండు తగుల్తాయి."

క్రమశిక్షణ అలాంటిది అన్నాను. ఆవిడ చింతపండు పిసుకుతూ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

స్టాకు చూశాను. ఇన్సులేషన్ టేపు నెలకి నాలుగు చుట్టలు పోయేది. ఈ నెల పూర్తి కాకుండానే పదకొండు. వైరింగు ఇంకా కింది అంతస్తు దాటలేదు. ఎలక్ట్రీషియన్ విష్ణువర్ధన్ మీద నాకు అనుమానం ఉంది. మనిషి మెత్తగా మాట్లాడతాడు, అలాంటివాళ్లనే చూసుకోవాలి. నిలదీస్తే, "నాకు తెలవదండీ, మేస్త్రీలు అడిగితే ఇత్తన్నాను," అన్నాడు. మేస్త్రీలకి టేపు ఎందుకు? సుందరరావు మేస్త్రి రెండు వేళ్లకి నల్ల టేపు చుట్టుకుని ఉన్నాడు. తాపీ జారకుండా కాబోలు.

ఫిబ్రవరి 24, సోమవారం

పెట్టె నిండుగా ఉంది. 142.

ఫిబ్రవరి 28, శుక్రవారం

బాలాదిత్య పిలిచాడు. కుర్రాడికి ఇరవయ్యేడేళ్లు, విజయనగరం. నన్ను గౌరవంగానే చూస్తాడు.

"శంకరరావు గారూ, నాలుగో తారీఖు సేఫ్టీ డే. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తన్నారు. మన ఆరు సైట్లలో నూట యాభై రోజులు దాటేది మనదొక్కటే. షీల్డు మనకే. పెట్టె ఓసారి సూసుకోండి."

నాకు చెప్పాలా. చూశాను. కన్ను కడిగే సీసాలు రెంటికీ జనవరితో గడువు పోయింది. నా కంట ఎలా తప్పిందో. రేపు రాయగడ నుంచి కొత్తవి తేవాలి.

మార్చి 1, శనివారం

కొత్త సీసాలు రెండు దొరికాయి. నాలుగు మందుల షాపులు తిరిగాను. గడువు 2027 దాకా. సుమతికి చూపించాను, మూత మీద సీలు విప్పకూడదని కూడా చెప్పాను.

మార్చి 3, సోమవారం

149. ప్రమాదం ఏమీ లేదు. మధ్యాహ్నం పెట్టె అంతా దింపి, లెక్కపెట్టి, సర్ది, మూత మీద కాగితం అంటించి సంతకం చేసి సీలు వేశాను. ప్లాస్టరింగ్ దగ్గర ఒక కూలీకి కంట్లో కాస్త మాలు చిందింది. కడగడం జరిగింది.

జిగురు సరిగా అంటలేదు, రెండోసారి అంటించాల్సి వచ్చింది.

మార్చి 4, మంగళవారం

150.

పెద్దాయన సీలు తనే కోశారు. ఒక్కో వస్తువూ బయటికి తీసి జాబితాతో సరిచూశారు. కన్ను కడిగే సీసాలు రెండూ ఎత్తి వెలుతురులో చూసి, "నిండుగా ఉన్నాయి, గడువూ ఉంది. ఇది చాలా చోట్ల దొరకదు," అన్నారు. అందరి ముందూ నన్ను పిలిచి భుజం తట్టారు. షీల్డుతో ఫోటో తీశారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా భుజం ఎవరూ తట్టలేదు. ఉన్నమాట రాసుకోవడానికి సిగ్గెందుకు, కళ్లు చెమర్చాయి.

ఫోటోకి కూలీలందరినీ నిలబెట్టారు. ఒకరు తక్కువ. సొంబారి రాలేదు.

మార్చి 5, బుధవారం

సుందరరావు మేస్త్రి ఉదయాన్నే వచ్చి బాలాదిత్యతో చెప్పాడు. "సొంబారికి కన్ను వాసిపోనాదండీ. తెరవలేకపోతంది. నిన్న వాళ్లూరెల్లి సూసొచ్చేను."

బాలాదిత్య జీపు ఇచ్చి నన్ను వెళ్లమన్నాడు. ఆమెను ఇంటి దగ్గర ఎక్కించుకుని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎడమ కన్ను. రెప్ప ఎర్రగా ఉబ్బి ఉంది, నీరు కారుతోంది. దారంతా చీర చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఓపీలో జనం తోసుకుంటున్నారు. డాక్టరు చిన్నవాడు. ఏం పడిందని అడిగాడు. సిమెంటు మాలు అన్నాను.

"ఎప్పుడు కడిగారు? ఎంతసేపు?"

"వెంటనే కడిగాం సార్. ఇరవై నిమిషాలు. మా సైట్లో కన్ను కడిగే సీసాలు ఉంటాయి."

ఇరవై నిమిషాలన్నది పెట్టె మూత లోపల అతికించిన కాగితం మీద ఉంటుంది. అది నాకు కంఠతా వచ్చు. సొంబారి మంచి కంటితో నా వైపు చూసింది. డాక్టరు ఆమెనేమీ అడగలేదు.

"అలా అయితే భయం లేదు. మంచి పని చేశారు," అని చీటీ మీద రాసుకున్నాడు. టార్చి వేసి పైపైన చూశాడు. చుక్కల మందు ఇచ్చి, కంటికి ప్యాడ్ కట్టించాడు. తగ్గకపోతే రమ్మన్నాడు.

సాయంత్రం రిజిస్టర్లో మూడో తేదీ వరస నింపాను. ఏడో గడి, వెంటనే.

మార్చి 6, గురువారం

పెట్టె నిండుగా ఉంది. 152.

మార్చి 7, శుక్రవారం

సొంబారి రాలేదు. నొప్పికి నిద్ర లేదంటోందని మేస్త్రి చెప్పాడు. మందు పనిచేయడానికి కాస్త వ్యవధి పడుతుంది. డాక్టరు చూశాడు కదా.

మార్చి 8, శనివారం. రాయగడ

షీల్డు పక్కన నిలబడిన ఫోటో సుమతికి చూపించాను. బాగుందంది. పెద్దాయన సీసాలు ఎత్తి చూసి ఏమన్నారో చెప్పాను. తర్వాత సొంబారి కన్ను సంగతీ చెప్పాను, ఆసుపత్రికి తీసుకెళ్లిన సంగతీ చెప్పాను. మంచి పని చేశాననిపించుకుందామనే చెప్పానేమో.

సుమతి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"కన్ను సోమవారం కడిగేరా?"

"ఆఁ."

"దేంతో?"

"అదే, సీసాతో."

"సీసాలు రెండూ నిండుగా ఉన్నాయని మంగళారం పెద్దాయన మెచ్చుకున్నారన్నారు. మూతలు కూడా విప్పనేదన్నారు. మరి దేంతో కడిగేరండీ?"

ఆవిడ చేట తీసుకుని లోపలికి వెళ్లింది. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల స్టాకులో తేడాలు పట్టుకున్నవాడిని. నా లెక్కలో తేడా సుమతి కూర్చున్న చోటు నుంచి లేవకుండా పట్టుకుంది.

సోమవారం జరిగింది రాస్తున్నాను.

రెండున్నర అయింది. పెట్టె నా బల్ల మీద తెరిచి ఉంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లెక్కపెడుతున్నాను. సొంబారి గుమ్మంలో నిలబడింది. ఎడమ కంటి మీద అరచెయ్యి, చెంప మీద మాలు కారుతోంది. పరంజా మీది నుంచి తాపీ దులిపితే చిందిందట, అది తర్వాత తెలిసింది.

"బాబూ, ఆఖి," అంది. కన్ను అని. నొప్పిలో ఒడియా వచ్చేసింది.

నేను తలెత్తి చూశాను. చూళ్లేదని రాసుకోవడానికి లేదు. చూశాను. లెక్క పద్నాలుగు దగ్గర ఉంది. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాలని, "రుహ," అన్నాను. ఉండమని.

ఉంది. ప్యాకెట్లు ఇరవై అయ్యాయి. గాజుగుడ్డలు లెక్కపెట్టాను. సీసాలు రెండూ నా చేతులతోనే ఎత్తి వెనక వరసలో పెట్టాను. మూత వేశాను. కాగితానికి జిగురు రాశాను. మళ్లీ "బాబూ" అంది. "రుహ అమ్మీ, సీలు వేసేస్తున్నా. రేపు పెద్దాయన వస్తున్నారు. ఇప్పుడు తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. డ్రమ్ము దగ్గరికి పోయి కడుక్కో," అన్నాను. కాగితం అంటలేదు. రెండోసారి అంటించాను. తలెత్తి చూస్తే గుమ్మంలో లేదు.

పది నిమిషాలు ఉంటుంది. తక్కువ రాయాలని చెయ్యి లాగుతోంది. పది నిమిషాలే.

ఆమె వెళ్లింది గోడలు తడిపే క్యూరింగ్ డ్రమ్ము దగ్గరికి. తాపీలు, మాలు మోసే గమేళాలు అందులోనే కడుగుతారు. ఆ నీళ్లు తెల్లగా ఉంటాయి. అది నాకు తెలుసు. ఆ నీళ్లు తాకి చేతులు పొక్కుతున్నాయని ఎవరో చెబితే చేతితొడుగులు ఇష్యూ చేసింది నేనే.

నా మీద నాకు అసహ్యంగా ఉంది. ఇంకొకటి కూడా రాయాలి. డాక్టరు చీటీ మీద నా మాట రాసుకున్నాడు. వెంటనే కడిగారని నమ్మే ఆ ప్యాడ్ కట్టించాడు.

బాలాదిత్యకి ఫోన్ చేశాను. రేపు ఉదయం జీపు కావాలని, సొంబారిని రాయగడ కంటి ఆసుపత్రికి తేవాలని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. "ఏడింటికి పంపిస్తాను. మేస్త్రిని కూడా రమ్మంటాను," అన్నాడు.

మార్చి 9, ఆదివారం

సుమతి నాతో పాటు ఆసుపత్రికి వచ్చింది. రమ్మని నేను అడగలేదు. జీపు పదింటికి వచ్చింది. సుందరరావు చెయ్యి పట్టుకుని సొంబారిని దింపాడు. ఆదివారం కావడంతో ఒక్క డాక్టరే ఉంది, మనీష అట. ఒడియా ఆవిడ, తెలుగు అర్థమవుతుంది.

చీటీ చదివింది. "వెంటనే కడిగారా?" అని అదే ప్రశ్న వేసింది.

ఏం చెప్పాలో దారిలో ఎన్నిసార్లో మనసులో అనుకున్నాను.

"కడగలేదమ్మా. నేను పది నిమిషాలు గుమ్మంలో నిలబెట్టాను. మందుల పెట్టె నా ముందే ఉంది. తర్వాత సిమెంటు పనిముట్లు కడిగే నీళ్లతో కడుక్కుంది."

"మరి ఇది ఎవరు చెప్పారు?" చీటీ మీద వేలు పెట్టింది.

"నేనే."

ఆవిడ ఇంక నా వైపు చూడలేదు. సొంబారిని పడుకోబెట్టి, కంట్లో మందు వేసి, పై రెప్పని పుల్లతో తిరగేసింది. లోపల, రెప్ప మడత వెనక, సిమెంటు పలుకు ఉంది. మినపగింజలో సగం ఉంటుంది. ఆరు రోజులు. రెప్ప వేసినప్పుడల్లా అది కంటిని గీసింది, కాల్చింది. తీసి గాజు పలక మీద పెట్టింది. తర్వాత అరగంట సేపు సెలైను ధారగా పోసి కడిగారు. సొంబారి సుమతి చెయ్యి పట్టుకుంది. అరగంటా వదల్లేదు.

చూపు వస్తుందా అని అడిగాను.

"నల్లగుడ్డు మీద తెల్లపొర వచ్చేసింది. ఎంత నిలబడుతుందో నెల తర్వాతే చెప్పగలను. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అడిగే పని కూడా ఉండేది కాదు." చేతులు కడుక్కుంటూ, "ఎక్కడ పని చేసినా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇలాంటివాటికి మొదటి పది నిమిషాలే మందు. శుభ్రమైన నీళ్లు ఏవైనా సరే, ఇరవై నిమిషాలు. సీసా కూడా అక్కర్లేదు," అంది.

ఆ పది నిమిషాలు నేను జిగురు రాసుకున్నాను.

బయట బెంచీ మీద సొంబారి పక్కన కూర్చున్నాను. ఆమె కంటికి కట్టు ఉంది. ఆవేళ డాక్టరుతో నేను అబద్ధం చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"నువ్వు బాబువి. నువ్వు సెప్పేసినాక నానేటి సెప్తాను," అంది.

సుందరరావు బెంచీ చివర నిలబడి ఉన్నాడు. నేల చూస్తూ అన్నాడు. "మీ కాడికి ఎవరూ రారండీ. సిన్న కోతైతే సిమెంటు సిటికెడు అద్ది టేపు సుట్టేసుకుంటాం. వేలిముద్రలు, పెశ్నలు, తిట్లు ఎవడు పడతాడండీ. ఇది కన్ను గనక నానే ఎల్లమన్నాను దాన్ని."

పదకొండు చుట్టల టేపు ఎటు పోయిందో అప్పుడు తెలిసింది.

మార్చి 10, సోమవారం

ఉదయం ఏడింటికే వచ్చి బోర్డు మీద అంకె తుడిచాను. సున్నా రాశాను. బాలాదిత్య మోటారు సైకిలు ఆపి చూశాడు.

"హెడ్డాఫీసు వాళ్లు తిరిగి పంపేయమంటారండీ, షీల్డు," అన్నాడు.

"పంపేద్దాం."

"అది కాదండీ. మీ పరువు ఏటవుద్దో ఆలోచించేరా? అన్ని సైట్ల ముందర..." మధ్యలో ఆపేశాడు. తర్వాత, "సిన్న దెబ్బలు బోర్డుకి ఎక్కించొద్దని మీకు సెప్పింది నేనే. అది కూడా రాయండి," అన్నాడు. అంత మాట అంటాడని అనుకోలేదు. కుర్రాడు నాకన్నా నయం.

రిజిస్టరు తీశాను. స్టోర్సులో తప్పు దిద్దే పద్ధతి ఒకటుంది. కొట్టేసింది చదవడానికి వీలుండాలి, ఒకే గీత, పక్కన సంతకం, తేదీ. తెల్ల ఇంకు వాడకూడదు. 'వెంటనే' మీద ఒక్క గీత కొట్టి రాశాను: 'ఇవ్వలేదు. పది నిమిషాలు నిలబెట్టాను. పెట్టె నా ముందు తెరిచే ఉంది.' ఆసుపత్రిలో తప్పు చెప్పిన సంగతి ఆ గడిలో పట్టలేదు. వెనక పేజీలో రాసి సంతకం పెట్టాను.

నేను వచ్చిన దగ్గర్నుంచి రాసిన మిగతా ఆరు వరసలూ చూశాను. ఆరింటిలోనూ వెంటనే. ఎన్ని నిజమో నాకే తెలియదు. సొంబారి వేలిముద్ర వరస దగ్గర సిరాలో కొంచెం ఎరుపు కలిసి ఉంది. ఆ రోజు చూడనే లేదు.

మార్చి 12, బుధవారం

హెడ్డాఫీసు నుంచి ఫోన్. సొంబారి వైద్యం కంపెనీదే అని బాలాదిత్య ఒప్పించాడు. నా సంగతి ఈ బిల్డింగు పూర్తయ్యాక చూస్తారట. షీల్డు గోనెపట్టాలో చుట్టి పార్సిలు చేశాను. ముడి బాగానే వేశాను.

మార్చి 17, సోమవారం

పెట్టె నా బల్ల కింద నుంచి తీసి మంచినీళ్ల డ్రమ్ము పక్కన, నీడలో, నడుమెత్తు మేకుకి తగిలించాను. తాళం తీసేశాను. రిజిస్టరు పక్కనే దారంతో కట్టాను, వాడాక రాయొచ్చు, రాయలేనివాళ్లు నాకు చెప్తే చాలు. డ్రమ్ముకి మూత, కాడ ఉన్న మగ్గు. క్యూరింగ్ డ్రమ్ముకి ఎర్ర రంగు పూయించాను. కంట్లో పడితే ఏం చెయ్యాలో పొద్దున్న అందరినీ కూర్చోబెట్టి చెప్పాను, సుందరరావుని కూర్చోబెట్టి మగ్గుతో నీళ్లు పోసి చూపించాను. చొక్కా అంతా తడిసి బూతులు తిట్టాడు, జనం బాగా నవ్వారు.

"తాళం లేపోతే అన్నీ ఎత్తుకుపోతారండీ," అన్నాడు తుడుచుకుంటూ.

పోతే పోనీ అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం ఇదే మొదలు.

సాయంత్రం చూస్తే తొమ్మిది పట్టీలు, నాలుగు గాజుగుడ్డలు లేవు. ఎత్తుకుపోలేదు. తొమ్మిది చేతుల మీద ఉన్నాయి. వరసగా నడిచి చూసుకున్నాను.

విష్ణువర్ధన్‌కి క్షమాపణ చెప్పాను. దేనికో అతనికి అర్థం కాలేదు. "పరవానేదండీ," అన్నాడు.

మార్చి 26, బుధవారం

సొంబారి పనిలోకి వచ్చింది. మాలు మోసే పని వద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి నీళ్ల దగ్గర, పెట్టె దగ్గర పెట్టాం. పనిలోకి వెళ్లే ముందు నేను కుడి కన్ను మూసుకోమని మూడు వేళ్లు చూపించాను. చెయ్యి ఉందంది. వేళ్లు ఎన్నో చెప్పలేకపోయింది. ఇంకా దగ్గరగా పెట్టాను. తల తిప్పేసుకుంది.

పెట్టెలో ఏది ఎక్కడుందో చెబుతుంటే వింది. నా మొహం చూడలేదు. చూడాలని నేను కోరుకోవడమే తప్పు.

ఏప్రిల్ 2, బుధవారం

మధ్యాహ్నం స్టోర్సులో పుట్టీ సంచులు దించుతున్నారు. ఒకటి అడుగు చినిగింది. పట్టుకోబోయాను, పొడంతా గుప్పున మొహం మీద పడింది. రెండు కళ్లూ మంట. చేతితో రుద్దుకోబోతుంటే ఎవరో నా మణికట్టు పట్టుకుని కిందికి లాగారు.

బయటికి లాక్కెళ్లి డ్రమ్ము పక్క రాయి మీద కూలేశారు. తల పక్కకి వంచి, రెప్పలు వేళ్లతో విడదీసి, నీళ్లు. ఆ వేళ్లలో ఒకదానికి మానిన గాటు గరుగ్గా తగిలింది. అప్పుడు తెలిసింది ఎవరో.

రెండు మూడు మగ్గులు పోశాక నాకు ధైర్యం వచ్చింది. "చాలమ్మీ. టైము ఎంతయిందో చూడు, రిజిస్టర్లో రాయాలి," అన్నాను. అరవై ఒక్కేళ్లు వచ్చినా నా బుద్ధి పోదు. లేవబోయాను.

భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"రుహ," అంది. "కాతా తరవాత. డాక్టరమ్మ ఇరవై అంది."

ఇరవై నిమిషాలూ పోసింది. ఎవరో డ్రమ్ము నింపుతూనే ఉన్నారు. మధ్యలో రెండుసార్లు రెప్ప తిరగేసి, తన మంచి కన్ను నా మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టి లోపల వెతికింది. ఏమీ లేదని చూసుకున్నాకే వదిలింది. నేను ఏడ్చాను. ఆ నీళ్లలో కలిసిపోయి ఉంటుంది, ఆమెకి తెలిసిందో లేదో. మగ్గు బోర్లించి, తడి చీర పిండుకుని, తన పనికి పోయింది. నన్ను క్షమించిందని నేను అనుకోవడం లేదు.

బోర్డు మీద అంకె నేనే తుడిచి సున్నా వేశాను. రిజిస్టరు తీసి, ఆమెను పిలవకుండా, అన్ని గడులూ నేనే నింపాను. పేరు, నాది. ఏ వస్తువు వాడారు, మంచినీళ్లు. చికిత్స ఎవరు ఇచ్చారు అన్న గడి ఆ రిజిస్టర్లో లేదు, గీత గీసి కొత్తది చేర్చి సొంబారి అని రాశాను.

ఏడో గడి దగ్గర కలం ఆగింది. ఈ రెండు వారాలుగా అక్కడ రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు అని నిజం రాస్తున్నాం. ఆ పాత మాట జోలికి నేను మళ్లీ పోలేదు. కానీ ఈరోజు నిజం అదే. రాశాను.

వెంటనే.